నల్ల మౌంటు మీద తెల్ల నలుసు: పటం మూశాకే ఎందుకు కనబడుతుంది?

నలుసుభయం (హైదరాబాద్) | మార్చి 3, రాత్రి 1:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. ఇవాళ ఓపిక చచ్చిపోయి రాస్తున్నాను.

కొత్త ఇంట్లో హాలు గోడకి ఆరు ఫొటోలు పెట్టాలని ముచ్చటపడ్డాను. గండికోట లోయ, లేపాక్షి నంది, ఆటపాక గూడబాతులు, ఇలా నేను తీసినవే, అన్నీ బ్లాక్ అండ్ వైట్. ప్రింటు 12×18, చుట్టూ మూడంగుళాల నల్ల మౌంటు (మధ్యలో ఫొటో కనపడేలా కిటికీ కోసే మందపాటి అట్ట), ఫ్రేము 18×24. ఫ్రేములు, అద్దాలు చేయించి తెచ్చుకున్నాను. మౌంటు మాత్రం నేనే కోశాను. యూట్యూబులో చూస్తే చాలా సులువుగా అనిపించింది.

అద్దం తుడిచాను, మౌంటు దులిపాను, ఊదాను, మూశాను, వెనక పిన్నులు కొట్టాను. తిప్పి చూస్తే సరిగ్గా నంది ముక్కు పక్కన తెల్ల పోగు. విప్పాను, తీశాను, మళ్ళీ మూశాను. ఈసారి కింద మూల రెండు నలుసులు. రాత్రి 9కి కూర్చుంటే ఒంటిగంటయింది, ఒక్క పటం కూడా కాలేదు. ఐదోసారి పిన్నులు పీకుతుంటే మా ఆవిడ వచ్చి "దానికి దిష్టి తీయండి, పోతుంది" అని వెళ్ళి పడుకుంది.

రెండు పటాలకి బరువు తగ్గుతుందని యాక్రిలిక్ షీటు తెచ్చాను. దాని కథ ఇంకా ఘోరం. పైన ప్లాస్టిక్ పొర ఒలిచానో లేదో, గదిలో దుమ్మంతా పిలిచినట్టు వచ్చి అతుక్కుంది. తుడిచేకొద్దీ ఎక్కువవుతోంది.

నా దగ్గరున్న సరంజామా: పాత బనీను గుడ్డ, అద్దాలు తుడిచే నీలం లిక్విడ్, న్యూస్‌పేపరు, నోరు. ఫ్రేముకి గీతలు పడకూడదని మంచం మీద దుప్పటి పరిచి దానిమీదే చేస్తున్నాను. గృహప్రవేశానికి ఇంకా 12 రోజులుంది. ఎవరైనా దారి చూపించండి.

అడ్డదారి (గుంటూరు) | మార్చి 3, ఉదయం 6:45

నల్ల మౌంటు తీసేసి క్రీమ్ కలర్ వేయండి. నలుసు ఉన్నా కనపడదు. హాయిగా పడుకోండి.

నలుసుభయం (హైదరాబాద్) | మార్చి 3, ఉదయం 8:10

అడ్డదారి గారూ, ఆరు షీట్లు నల్లవే కోసేశానండీ. పైగా మా ఆవిడకి నలుపే నచ్చింది. ఇక ఆ దారి మూసుకుపోయినట్టే.

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 3, ఉదయం 11:30

బాబూ, మంచం, దుప్పటి, బనీను అన్న చోట చదవడం ఆపి కాసేపు నవ్వుకున్నాను. ఏమీ అనుకోకు. 27 ఏళ్ళుగా పటాలు కడుతున్నాను, మొదటి రెండేళ్ళు నేనూ అదే చేశాను.

నీ బాధంతా గాల్లోంచి పడే దుమ్ము గురించి. గాల్లో దుమ్ము ఉంటుంది, కాదనను. కానీ నువ్వు చెప్పే "తెల్ల పోగు" గాల్లోంచి వచ్చింది కాదు. ఒక పని చెయ్యి. నువ్వు కోసిన మౌంటు తీసుకుని, కిటికీ ఉన్న ఏటవాలు కోత వెంట గోటితో మెల్లగా గీకు. గోటి కింద బియ్యప్పిండి లాంటిది కనపడుతుంది. నల్ల మౌంటుకి పైకాగితమే నలుపు, లోపల గుజ్జు తెలుపు. నువ్వు కోసినప్పుడు ఆ గుజ్జు పీచులు అంచుకి వేలాడుతూ ఉండిపోతాయి. మూసేటప్పుడు కుదుపుకి ఒక్కొక్కటీ రాలతాయి. నువ్వు ఐదుసార్లు విప్పావు చూడు, ఐదుసార్లు కుదిపావన్నమాట.

కాబట్టి ముందు బ్లేడు సంగతి. ఆరు మౌంట్లూ ఒకే బ్లేడుతో కోసి ఉంటావు. నేను నాలుగు మౌంట్లకి ఒక బ్లేడు పారేస్తాను, నలుపైతే రెండింటికే. మొండి బ్లేడు బోర్డుని కొయ్యదు, చింపుతుంది. కింద ఎప్పుడూ పనికిరాని మౌంటు ముక్క ఒకటి వేసి కొయ్యాలి, అదీ ప్రతిసారీ కొత్త చోట. పాత గాట్ల మీద కోస్తే అడుగున అంచు పిగిలిపోతుంది. కోశాక, అంచు మీద పల్చటి కాగితం పెట్టి స్టీలు చెంచా వెనక వైపుతో ఒక్కసారి రుద్దు. లేచిన పీచు అణిగిపోతుంది. తర్వాత మెత్తటి బ్రష్షుతో ముందూ వెనకా దులుపు. వెనక దులపడం అందరూ మర్చిపోతారు. షేవింగ్ బ్రష్షు కొత్తది కొని దానికే ఉంచుకో. మళ్ళీ దాంతో గడ్డం గీసుకోకు.

ఇక గుడ్డ. బనీను ఎంత పాతదైతే అంత నూగు రాలుస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కొను. వేరేగా ఉతుకు, కంఫర్టు లాంటివి కలపకు, అవి కలిపితే గుడ్డకి జిడ్డు పొర పట్టి అద్దం మీద మరకలు పడతాయి. న్యూస్‌పేపరుతో మా నాన్న తుడిచేవాడు, నేనూ తుడిచాను. అద్దం మెరుస్తుంది నిజమే. కాగితప్పీచు మాత్రం వదులుతుంది, చేతికి అంటిన సిరా ఎక్కడో ఒకచోట వేలిముద్ర అయి కూర్చుంటుంది. ఇప్పుడు మానేశాను.

దుప్పటి తీసెయ్యి. రెక్సిన్ ముక్క గానీ, శుభ్రంగా తడిగుడ్డతో తుడిచిన సన్‌మైకా బల్ల గానీ చాలు.

మిగతాది మధ్యాహ్నం రాస్తాను. పార్టీ వచ్చింది.

ఓరుగల్లు కెమెరా (హన్మకొండ) | మార్చి 3, మధ్యాహ్నం 12:05

నోటితో ఊదుడు ఆపండి అన్నా, ముందు అది ఆపండి. ఊదినప్పుడు సన్నగ తుంపర పడుతది. నల్ల మౌంటు మీద అది ఎండినంక చుక్కలు చుక్కలుగా మెరుస్తది, ఇక పోదు. నేను ఎగ్జిబిషన్ ముందు రోజు రెండు మౌంట్లు గట్లనే పాడు చేసుకున్న. కెమెరా సెన్సరు ఊదే రబ్బరు బల్బు ఉంటది కదా, అది మంచిది. గాలి తప్ప ఇంకేమీ రాదు.

ఇంకో ముచ్చట. మా గురువు గారు ఫిల్మ్ ఆరబెట్టేందుకు స్నానాలగది వాడేటోళ్ళు. వేడినీళ్ళ షవర్ ఐదు నిమిషాలు వదిలి ఆపేస్తే ఆ ఆవిరికి గాలిలో దుమ్మంత కిందికి దిగుతది. ఇంట్లో అన్నిటికన్న దుమ్ము తక్కువ ఉండే గది అదే. అక్కడనే పటం మూయొచ్చు కదా?

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 3, మధ్యాహ్నం 3:40

తమ్ముడూ ఓరుగల్లు, ఫిల్ముకి సరే. మౌంటు బోర్డు, ప్రింటు రెండూ కాగితాలు. ఆవిరి గదిలో పెడితే తేమ పీల్చుకుంటాయి. ఆ తేమతోనే మూసేస్తే వారంలో అలలు అలలుగా లేస్తుంది. ఆ పని చెయ్యకండి.

దుమ్ము అణగాలంటే పాత పద్ధతి ఒకటుంది. పని మొదలుపెట్టే గంట ముందు గది తడిగుడ్డతో తుడవండి. చీపురు పట్టకండి, చీపురు పడితే అణిగి ఉన్న దుమ్మంతా లేచి రెండు గంటలు తేలుతూనే ఉంటుంది. మా షాపు రోడ్డు మీదే. ఎండాకాలం గుమ్మం దగ్గర గోనెపట్టా తడిపి వేస్తాను, వచ్చేవాళ్ళ కాళ్ళ దుమ్ము అక్కడే ఆగుతుంది. పొద్దున అగరొత్తులు వెలిగించేది కూడా అటు ముందుగదిలో. వెనకగదిలో అద్దాలు. ఒకసారి లక్ష్మీదేవి పటం మూసి ఇస్తే, అమ్మవారి నుదుటి మీద అగరొత్తి బూడిద. పార్టీ మటుకు "విభూతి అండీ, శుభం" అని తీసుకెళ్ళాడు. అందరూ అలా ఉండరుగా.

నలుసుభయం (హైదరాబాద్) | మార్చి 3, సాయంత్రం 7:15

గోటితో గీకి చూశానండీ. నిజంగానే పిండి! గోరు తెల్లబడింది. ఇన్ని రోజులూ మా వీధిలో కడుతున్న అపార్టుమెంటుని తిట్టుకుంటున్నాను.

ఒక అనుమానం. ఫ్యాను ఆపాలా? ఇక్కడ మార్చిలోనే ఉడికిపోతోంది. ఫ్యాను ఆపితే నా చెమటే మౌంటు మీద పడేట్టుంది.

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 3, రాత్రి 8:00

ఆపాల్సిందే. ఫ్యాను రెక్కల పైభాగం ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశావా? ముందు ఆ రెక్కలు తడిగుడ్డతో తుడిచి, పని చేసే పది నిమిషాలు ఆపెయ్యి. మౌంటు కొయ్యడం, ఫ్రేము దులపడం, అద్దం తుడవడం అన్నీ ఫ్యాను కింద చేసుకో. ఆఖర్న అద్దం, మౌంటు కలిపే ఆ కాసేపే ఫ్యాను వద్దు. నుదుటికి తువ్వాలు కట్టుకోకు, మళ్ళీ నూగు. చేతులకి గుడ్డ గ్లోవ్స్ వద్దు, అదే కారణం. డాక్టర్లు వేసుకునే నీలం రబ్బరు గ్లోవ్స్ వేసుకో. లేదా చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకో.

ఎలక్ట్రాన్ మాస్టారు (విశాఖపట్నం) | మార్చి 3, రాత్రి 9:50

రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ని. యాక్రిలిక్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను.

చిన్నప్పుడు దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెట్టేవాళ్ళం, అవి ఎగిరి అతుక్కునేవి. మీ పటంలో జరుగుతున్నది అదే. కాగితం ముక్కకి తనదంటూ ఛార్జి అక్కర్లేదు. దగ్గరకొచ్చిన ఛార్జి దాని లోపలి ఛార్జిని కాస్త అటూ ఇటూ జరుపుతుంది, ఆ మాత్రం చాలు లాక్కోడానికి. నూగు, పీచు, పొడి అన్నీ అంతే. యాక్రిలిక్ మీది ప్లాస్టిక్ పొర ఒలిచినప్పుడు రెండు తలాలు విడిపోతాయి, ఎలక్ట్రాన్లు ఒకవైపు ఎక్కువగా ఉండిపోతాయి. మీరు దాన్ని పొడిగుడ్డతో రుద్దారు, ఇంకొంచెం ఛార్జి ఎక్కించారు. "తుడిచేకొద్దీ ఎక్కువవుతోంది" అని మీరు రాశారు చూడండి, అది అచ్చంగా అందుకే.

అద్దానికీ ఛార్జి పడుతుంది. కానీ గాలిలో తేమ ఉంటే అద్దం మీద కంటికి కనపడని నీటి పొర ఏర్పడి ఛార్జి త్వరగా జారిపోతుంది. యాక్రిలిక్ మీద అంత తొందరగా పోదు. అందుకే మా విశాఖలో ఇదంత పెద్ద సమస్య కాదు, సముద్రం పక్కన ఏడాదంతా ఉక్కే. హైదరాబాదులో మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నాలు పొడి. ఏసీ వేస్తే ఇంకా పొడి. తేమ 40 శాతం కన్నా తగ్గితే ఈ గోల బాగా ముదురుతుంది. తెల్లవారుజామున చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్లానో పిన్ని (టెక్సస్) | మార్చి 4, ఉదయం 5:30

మాస్టారూ, బాగా చెప్పారు. మా దగ్గర చలికాలం హీటరు వేసి ఉంటే, డోరు హ్యాండిల్ పట్టుకున్నా షాక్ కొడుతుంది. ఆ రోజుల్లో యాక్రిలిక్ ముట్టుకోవడం అంటే పిల్లిని దువ్వడమే. ఎనిమిదేళ్ళుగా ఇంటి గరాజులో పటాలు కడుతున్నా, సరదాకి మొదలై ఇప్పుడు తెలుగు వాళ్ళందరి పెళ్ళి ఫొటోలూ నా దగ్గరికే వస్తాయి.

నేను చేసిన ఒక తప్పు మీరు చెయ్యకండి. యాక్రిలిక్‌కి లోపలి పొర మాత్రం ఒలిచి పటం మూసేసి, గీతలు పడకుండా బయటి పొర ఆఖర్న ఒలుద్దామనుకున్నా. తెలివైన పనే అనుకున్నా. అంతా మూసి, నలుసు ఒక్కటి లేదని చూసుకుని, బయటి పొర పర్రుమని లాగా. లోపల మౌంటు అంచున ఉన్న పీచులన్నీ నా కళ్ళముందే లేచి షీటుకి అతుక్కున్నాయి! మూసిన పటం లోపల! అప్పట్నుంచి రెండు వైపులా ముందే, నెమ్మదిగా ఒలిచి, యాక్రిలిక్ కోసం అమ్మే యాంటీ స్టాటిక్ క్లీనరుతో తడిగా తుడిచి, కాసేపు నిలబెట్టి ఉంచుతా. అమ్మోనియా ఉన్న అద్దం క్లీనర్లు మాత్రం యాక్రిలిక్ మీద వద్దు. మసకబారుతుంది, సన్న చీలికలు వస్తాయి.

ఇక్కడ యాంటీ స్టాటిక్ బ్రష్షులని దొరుకుతాయి, వెంట్రుకల వెనకాల పొలోనియం-210 అనే రేడియోధార్మిక లోహం పట్టీ ఉంటుంది. అది చుట్టూ గాలిని అయనీకరిస్తుంది, అంటే గాలికే ఛార్జి ఎక్కిస్తుంది, దాంతో షీటు మీది ఛార్జి పోతుంది. పొలోనియం సగం ఆయుష్షు 138 రోజులే, కాబట్టి ఏడాది తిరిగేసరికి అది ఉత్త బ్రష్షే. ఎల్‌పీ రికార్డుల వాళ్ళు వాడే పిస్తోలు లాంటిది ఇంకోటి ఉంది. ట్రిగ్గరు నొక్కితే ఒక రకం అయాన్లు, వదిలితే ఇంకో రకం. నా దగ్గరుంది, పనిచేస్తుంది. ఆరు పటాలకి కొనమని మాత్రం చెప్పను.

అడ్డదారి (గుంటూరు) | మార్చి 4, ఉదయం 7:05

పటం కట్టడానికి పొలోనియమా! క్రీమ్ మౌంటు అన్నాను కదండీ ముందే.

సుద్దరంగులు (రాజమహేంద్రవరం) | మార్చి 4, ఉదయం 10:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది ఇంచుమించు ఇదే బాధ, కాకపోతే నా దుమ్ము బొమ్మలోంచే రాలుతుంది. నేను సాఫ్ట్ పేస్టల్‌తో, అంటే సుద్దముక్కల్లాంటి రంగులతో, గోదావరి బొమ్మలు వేస్తాను. పటం కట్టించిన రోజు బాగానే ఉంటుంది. నెల తిరిగేసరికి మౌంటు కింది అంచు మీద నీలం, గోధుమ రంగు పొడి గీతలా పేరుకుంటుంది. పొడి రాలకుండా ఫిక్సేటివ్ స్ప్రే కొడితే రంగులు చచ్చిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 4, మధ్యాహ్నం 2:15

అమ్మా, పేస్టల్‌కి పొడి రాలడం ఆపలేం. రాలినది కనపడకుండా చెయ్యడమే పని. పైమౌంటు వెనకాల ఇంకో మౌంటు ముక్కలతో చట్రం లాగా అతికించాలి, కాకపోతే దాని కిటికీ పైదానికన్నా నాలుగు వైపులా పావంగుళం పెద్దది. అప్పుడు పైమౌంటు అంచుకీ బొమ్మకీ మధ్య సన్న కాలవ ఏర్పడుతుంది. రాలిన పొడి ఆ కాలవలో పడిపోతుంది, ఎదురుగా నిలబడ్డవాడికి కనపడదు. ఫోమ్ బోర్డు సన్న బద్దలైనా ఫరవాలేదు.

ఇంకోటి, మీ బొమ్మలకి యాక్రిలిక్ వాడనివ్వకండి. మాస్టారు చెప్పిన లాగుడు బొమ్మ మీది రంగుని కూడా లాగేస్తుంది. బొగ్గుతో వేసిన బొమ్మలకీ అంతే. మామూలు అద్దమే.

కలంకారీ సీమ (అనంతపురం) | మార్చి 4, సాయంత్రం 6:30

నేను శ్రీకాళహస్తి కలంకారీ బట్టలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు పటాలుగా చేయించి అమ్ముతుంటాను. గుడ్డ పటాలకి నలుసు ఎక్కడినుంచి వస్తుందో చెప్తాను. కత్తిరించిన గుడ్డ అంచు నుంచి. ఆ పోగులు ఒక్కొక్కటే ఊడి మౌంటు కిటికీలోకి పాకుతాయి, సన్న పురుగు మాదిరి. అంచుని మడిచి కుట్టించినాకే మౌంటు కిందికి పంపించండి. కుట్టడం ఇష్టం లేకుంటే అంచు లోపలికి అంగుళం ఎక్కువ వదలండి, పోగు ఊడినా అక్కడే ఉంటుంది.

చేర్యాల నకాషీ బొమ్మలు కట్టించినప్పుడు ఇంకో రకం. అవి ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూసి వేస్తారు. పాతది, చుట్టచుట్టి ఉంచింది అయితే మడత దగ్గర ఆ సుద్ద పొర చిట్లి ఉంటుంది. దులిపితే బొమ్మే పోతుంది. బ్రష్షు దానికి తగిలించొద్దు. మౌంటు దులుపుకోండి, బొమ్మని వదిలేయండి.

ఓరుగల్లు కెమెరా (హన్మకొండ) | మార్చి 4, రాత్రి 9:10

చేర్యాల మాట బాగా చెప్పిన్రు. మా ఇంట్ల పాతది ఒకటున్నది, చిన్న పటమే. మా పిన్ని పండుగకి తడిగుడ్డతో తుడిచింది. ఇక చెప్పేదేముంది.

నలుసుభయం (హైదరాబాద్) | మార్చి 6, రాత్రి 11:40

రెండు పటాలు అయ్యాయి!! కొత్త బ్లేడు, చెంచా, షేవింగ్ బ్రష్షు, రెక్సిన్. గండికోట మొదటిసారికే శుభ్రంగా వచ్చింది. నంది మాత్రం బాగానే మూసి గోడకి తగిలించాక, పొద్దున చూస్తే కింది అంచున బంగారు రంగు రేణువులు రెండు, ఒక చిన్న చెక్కపొట్టు. ఇది మౌంటు పిండి కాదు కదా. ఇది ఎక్కడిది?

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 7, ఉదయం 10:50

ఫ్రేముది. మోల్డింగు, అంటే ఫ్రేము బద్ద, మూలలు రంపంతో కోసినప్పుడు పొట్టు అద్దం కూర్చునే గాడిలో ఇరుక్కుంటుంది. పై రంగు కింద ఉండే తెల్ల పూత కూడా కోత దగ్గర పెళుసుగా ఉంటుంది. నువ్వు గోడకి మేకు కొట్టి తగిలించేసరికి ఆ దెబ్బలకి రాలింది. ఫ్రేముని బోర్లించి నాలుగు మూలలా అరచేత్తో తట్టు, గాడి నిండా పళ్ళబ్రష్షుతో గీకు, వాక్యూమ్ క్లీనరుంటే దాంతో లాగు. తర్వాత గాడి లోపల పల్చటి కాగితపు టేపు ఒక చుట్టు వెయ్యి. పచ్చి చెక్క నేరుగా మౌంటుకి తగలకుండానూ ఉంటుంది, పొట్టూ రాలదు.

అసలు నేను చేసే వరస చెప్తాను, ఆ రోజు పార్టీ వచ్చి ఆగిపోయింది. ప్రింటు, మౌంటు, వెనక బోర్డు ముందే జత చేసి పెట్టుకుంటాను. అద్దం ఆఖర్న. లిక్విడు అద్దం మీద కొట్టను, గుడ్డ మీద కొడతాను, లేకపోతే అంచున నిలిచిన తడి మౌంటులోకి పాకి మరక కడుతుంది. తుడిచిన అద్దాన్ని పడుకోబెట్టను. పడుకోబెడితే దుమ్ముకి మంచం వేసినట్టే. గోడకి నిలబెడతాను. అప్పుడు గదిలో లైట్లు ఆపి, టార్చి బల్లకి ఆనించి, మౌంటు మీద పక్కనుంచి వెలుతురు పడేలా పెడతాను. పైనుంచి చూస్తే కనపడని నలుసు పక్క వెలుతురులో నీడతో సహా గుట్టలా కనపడుతుంది. ఒక్కొక్కటీ తీస్తాను. బ్రష్షుకి రానిదాన్ని ఆర్టు షాపులో అమ్మే పిసికే రబ్బరుతో అద్ది తీయాలి. అద్దాలి అంతే, నల్ల మౌంటు మీద రుద్దితే మెరుపు మచ్చ పడుతుంది. వెంటనే అద్దం దించి, నాలుగు అంచులూ కలిపి టేపు వేస్తాను. ఇప్పుడది ఒక పుస్తకం లాంటి కట్ట. తిప్పి అదే టార్చితో మళ్ళీ చూస్తాను. ఆ తర్వాతే ఫ్రేములోకి. పిన్నులు కూడా ముందు రెండే, అటొకటి ఇటొకటి. మళ్ళీ చూసి, సరే అనుకున్నాకే మిగతావి.

ఆ టేపే అసలు కీలకం. కట్టకి టేపు ఉంటే ఫ్రేము పొట్టు లోపలికి రాదు, సిల్వర్‌ఫిష్ పురుగు దూరదు, తర్వాత పదేళ్ళకి కూడా దుమ్ము లోపలికి పోదు. సెలోటేపు మాత్రం వద్దు, అది ఎండి పసుపెక్కి ఊడిపోతుంది.

అడ్డదారి (గుంటూరు) | మార్చి 7, మధ్యాహ్నం 1:00

అన్నీ మూసేస్తే తేమ లోపలే ఉండి బూజు పట్టదా? మా కోస్తా వానాకాలం సంగతి మీకు తెలియంది కాదు.

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 7, మధ్యాహ్నం 1:35

ఇప్పుడు సరైన ప్రశ్న అడిగావయ్యా. తడిసిన కాగితం మూస్తే పడుతుంది. అందుకే వర్షం రోజుల్లో నేను టేపు వెయ్యను, పొడి రోజు చూసి, ప్రింటు, మౌంటు రెండూ ఒక రోజంతా ఆ గదిలోనే ఉంచి వేస్తాను. పొడిగా మూస్తే బయటి ఉక్క లోపలికి తొందరగా పోదు కూడా.

మౌంటు ఉండటం వల్ల ఇంకో మేలుంది. మా కోస్తాలో తాతల ఫొటోలు అద్దానికి అతుక్కుపోయి ఎన్ని వస్తాయో. ఫొటో మీది జిలటిన్ పొర తేమకి మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. విప్పితే ముఖమే అద్దంతో వచ్చేస్తుంది. మౌంటు మందం మధ్యలో ఉంటే ఆ గొడవ లేదు. మౌంటు అందానికి మాత్రమే అనుకుంటారు గానీ.

ఎలక్ట్రాన్ మాస్టారు (విశాఖపట్నం) | మార్చి 7, సాయంత్రం 5:20

మా అమ్మ పెళ్ళి ఫొటో అలాగే పోయింది. 1961 నాటిది. అద్దంతో సహా అలాగే ఉంచాను, విప్పలేదు.

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 7, సాయంత్రం 5:45

విప్పకండి మాస్టారూ. అలాగే స్కాన్ చేయించండి, అద్దం మీదినుంచే. కాపీ ప్రింటు తీసి దాన్ని మౌంటుతో కట్టించుకోండి.

నలుసుభయం (హైదరాబాద్) | మార్చి 11, ఉదయం 6:50

తెల్లవారుజామున 5కి లేచి చేస్తున్నాను, మాస్టారు చెప్పినట్టు. యాక్రిలిక్ రెండూ అయిపోయాయి. పిన్ని గారు చెప్పినట్టు రెండు పొరలూ ముందే ఒలిచి తడిగా తుడిచాను. నిజంగా తేడా ఉంది. ఐదు పటాలు పూర్తి.

ఆరోది గూడబాతులు. మూసి, టేపు వేసి, పిన్నులన్నీ కొట్టేశాక ఆకాశంలో ఒక నలుసు. అన్నీ విప్పకుండా తీసే దారి ఏమైనా ఉందా?

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 11, ఉదయం 9:30

ఉంది గానీ అన్నిసార్లూ కుదరదు. పిన్నులు నాలుగు ఒకవైపు తీసి, ఆ వైపు టేపు కోసి, అద్దానికీ మౌంటుకీ మధ్య సందు చెయ్యాలి. పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటుందిగా ఇంట్లో, దాన్ని సన్న పట్టీగా కత్తిరించు. గుడ్డతో రెండుసార్లు రుద్దు, ఛార్జి వస్తుంది. అది సందులోంచి తోసి నలుసు దగ్గరకి తీసుకెళ్తే అదే అతుక్కుని వస్తుంది. మాస్టారి దువ్వెన లెక్కే. నలుసు మౌంటు మీద ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. ప్రింటు మీద ఉంటే పట్టీ అంచు గీత పెట్టే ప్రమాదముంది, ముఖ్యంగా నునుపు కాగితమైతే. ఏ కాగితం?

నలుసుభయం (హైదరాబాద్) | మార్చి 11, ఉదయం 9:55

నునుపేనండీ. గ్లాసీ. నలుసు ప్రింటు మీదే ఉంది, పక్షుల గుంపుకి కొంచెం పైన. నల్లగా, ఒక చివర వంకరగా. ఇందాక మా అమ్మ చూసి "ఏడు పక్షులు ఎంత బాగా వచ్చాయిరా" అంది. నేను తీసింది ఆరు పక్షుల్ని.

బెజవాడ పటాలు (విజయవాడ) | మార్చి 11, ఉదయం 10:00

ఏడే అని చెప్పు. విప్పకు.